ప్రార్థన సరే, మాత్ర మానవద్దు

శ్రోతలకు నమస్కారం. ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాపించిన తొలి రోజులలో అనేక పల్లెలలో వైద్యుడి కంటే ముందు జనానికి అందుబాటులో ఉన్నది చర్చిలో పాస్టరు, మసీదులో ఇమాము. అయితే వారిలో చాలామంది ఆనాడు చెప్పిన మాట, ఇది పాపానికి దేవుడు వేసిన శిక్ష అని.

ఆ మాటకు ఎదురు నిలిచిన ఒక ఆంగ్లికన్ మతగురువును గురించి ఈ పూట చెప్పాలని ఉంది. ఆయన ఉగాండాకు చెందిన గిడియాన్ బ్యాముగిషా. 1991లో ఆయన భార్య మరణించారు. అందుకు కారణం హెచ్.ఐ.వి. అని కొన్ని నెలల తరువాత గాని ఆయనకు తెలియలేదు. పరీక్ష చేయించుకోగా ఆయనకూ ఉన్నదని తేలింది. నోరు మెదపకుండా ఉంటే అడిగేవారెవరూ లేరు. అయినా 1992లో ఆయన ఆ సంగతిని బాహాటంగా చెప్పారు. ఆఫ్రికాలో అలా చెప్పిన తొలి మతగురువు ఆయనే అంటారు. చర్చి ఆయనను వెలివేయలేదు; నాకు ఇది ఆయన ధైర్యానికి తీసిపోని విషయంగా తోస్తుంది. 1995లో ఆయన హెచ్.ఐ.వి. ఉన్న మరొక స్త్రీని వివాహమాడారు. మందుల పుణ్యమా అని వారి బిడ్డలు ఆ వైరస్ లేకుండా పుట్టారు. కొన్నేళ్ల తరువాత తనవంటి మతగురువులను, క్రైస్తవులనూ ముస్లింలనూ కలిపి, ఒక సంఘంగా కూర్చారు. భర్తకు నమ్మకంగా ఉన్న ఇల్లాలికీ, కడుపులోని బిడ్డకూ సోకే జబ్బుకు నీతిబోధ ఒక్కటే చాలదని, పరీక్షను గురించీ మందును గురించీ కూడా వేదిక మీద నుంచే మాట్లాడాలని ఆ సంఘం వాదన.

విశ్వాసం వేరే దారి పట్టిన సందర్భమూ ఉన్నది. 2011లో టాంజానియాలోని లోలియోండో ప్రాంతంలో, పదవీ విరమణ చేసిన ఒక లూథరన్ పాస్టరు, ఎయిడ్స్ వంటి జబ్బులకు మందని దేవుడు కలలో చెప్పాడంటూ ఒక కషాయాన్ని కప్పు 500 షిల్లింగులకు పోశాడు. ఆ పల్లె దారిలో వాహనాలు కిలోమీటర్ల పొడవున బారులు తీరాయి. అంత తక్కువ తీసుకున్న మనిషిని మోసగాడనడానికి నాకు మనసొప్పదు. కాని ఎయిడ్స్ నయమైపోయిందని నమ్మి కొందరు రోజూ వేసుకునే మాత్రలు మానేశారు.

మతగురువులు తప్పక తెలుసుకోవలసినది ఇక్కడే ఉన్నది. మాత్రలు క్రమంగా వేసుకుంటే వైరస్ ఎంతగా అణగిపోతుందంటే, రక్తపరీక్షలో అది కనిపించదు. ఆ కాగితం చేతికి రాగానే ప్రార్థన ఫలించిందని, ఇక మందుతో పని లేదని రోగి అనుకోవడం సహజం. కాని వైరస్ శరీరంలో నక్కే ఉంటుంది. మాత్ర ఆపితే సాధారణంగా కొన్ని వారాలలోనే మళ్లీ పెరుగుతుంది. కనుక స్వస్థత ప్రార్థన చేసే ప్రతి పాస్టరూ, దువా చేసే ప్రతి ఇమామూ చివర ఒక మాట చేర్చాలి: రేపటి మాత్ర రేపు వేసుకోండి, డాక్టరు చెప్పనిదే మానకండి.