చలికాలం, మూడు రోజులు, మొదటి రోజే పుస్తకాల షాపు

తమ్ముడు: అందరికీ నమస్కారం. అక్క గొంతు ఈ వారం కొంచెం బొంగురుగా ఉంటుంది. నిన్న రాత్రే ఊరి నుంచి వచ్చాం.

అక్క: చలిగాలి పట్టేసింది. మాట్లాడగలను, ఫర్వాలేదు.

తమ్ముడు: మూడు రోజులు, రెండు రాత్రులు. అంతే వెళ్ళింది. అయినా నాకు వారం రోజులు ఉండి వచ్చినట్టుంది. ఆ షాపుకి మొదటి రోజే వెళ్దామని నువ్వు పట్టుబట్టబట్టే అక్కా.

అక్క: ఇన్నేళ్ళూ దాన్ని చివరి రోజుకి పెట్టుకునేవాళ్ళం కదరా. బస్సుకి గంట ముందు వెళ్ళడం, బ్యాగులు భుజాన ఉండగానే అరలు చూడడం, ఒక కన్ను గడియారం మీద. అంత ఇష్టమైన చోట ఒక్కసారి కూడా తీరిగ్గా కూర్చోలేదు. ఆ బాధ నాకు ఎప్పటినుంచో ఉంది.

తమ్ముడు: తలుపు తీసిన క్షణం చెప్పు.

అక్క: లోపలికి అడుగుపెట్టగానే నా కళ్ళద్దాలు మసకబారిపోయాయి. బయట ఎముకలు కొరికే చలి, లోపల వెచ్చగా ఉంది. ఏమీ కనబడట్లేదు. ముందు వాసన వచ్చింది. అదే షాపు, అదే వాసన. అద్దాలు తుడుచుకోకుండా అలాగే నిలబడిపోయాను.

తమ్ముడు: ఆ వాసన గురించి చెప్పనా, నాకు చాలా ఇష్టమైన విషయం. కాగితం చెక్క నుంచి వస్తుంది కదా. చెక్కలో లిగ్నిన్ అని ఒక పదార్థం ఉంటుంది. చవక రకం కాగితంలో అది ఎక్కువగా మిగిలిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లిగ్నినూ, కాగితంలోని నార అయిన సెల్యులోజూ కొంచెం కొంచెంగా విడిపోతూ గాలిలోకి రకరకాల ఆవిర్లు వదులుతాయి. వాటిలో ఒకటి వెనిలా వాసనకి దగ్గరగా ఉంటుంది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఆ ఆవిర్లను కొలిచి, పేజీ ముక్క కూడా కత్తిరించకుండా కాగితం ఎంత పాడైందో అంచనా వేసే పద్ధతి చూపించారు.

అక్క: అంటే మనం ప్రేమగా పీల్చేది పుస్తకం అరిగిపోతున్న వాసన.

తమ్ముడు: అవును. అది తెలిశాక వాటి మీద ఇంకా ప్రేమ పెరిగింది. పేజీల అంచులు ముందు పసుపెక్కేది కూడా అందుకే. గాలీ వెలుతురూ మొదట తగిలేది అక్కడే.

అక్క: నువ్వు వెళ్ళగానే వెనక అట్టలు తిప్పి చూడడం మొదలుపెట్టావు. అదీ చెప్పు.

తమ్ముడు: ఐఎస్‌బీఎన్ చూస్తాను, అంటే ఏ పుస్తకమో గుర్తుపట్టడానికి దాని మీద వేసే నంబరు. 13 అంకెలు 2007 జనవరి నుంచి వచ్చాయి. 10 అంకెలే ఉంటే దాదాపుగా అంతకు ముందుది. అసలు నంబరే లేకపోతే మాత్రం తొందరపడి పాతదనుకోకూడదు. చిన్న ప్రచురణకర్తలు చాలామంది నంబరు తీసుకోకుండానే వేశారు. అప్పుడు లోపలి పేజీలో ముద్రణ వివరాలు చూసుకోవాల్సిందే.

అక్క: నాకు దొరికింది అలాంటిదే. గుడ్డ అట్ట, మట్టిరంగు, ఒక పాత యాత్రాకథనం. చేతికి చల్లగా, బిగుసుకుపోయి ఉంది. నేను మధ్యకి విరిచి తెరవబోతుంటే షాపాయన "అమ్మా, ఆగండి" అన్నారు.

తమ్ముడు: ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

అక్క: పుస్తకం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద వెన్ను ఆనించి నిలబెట్టారు. ముందు అట్ట మెల్లగా దించారు, తర్వాత వెనక అట్ట. మొదటి నుంచి నాలుగు కాగితాలు తీసి బొటనవేలితో కుట్టు దగ్గర ఒత్తారు. తర్వాత చివరి నుంచి నాలుగు. మళ్ళీ ముందు నుంచి. అలా రెండు వైపుల నుంచీ మధ్యకి వచ్చారు. రెండు నిమిషాలు పట్టిందేమో. షాపులో వేరే మనుషులున్నా ఆయన తల ఎత్తలేదు. చలికి జిగురు గట్టిపడుతుంది, ఒక్కసారి విరిస్తే వెన్ను పగులుతుంది అన్నారు.

తమ్ముడు: నాలుగేళ్ళ క్రితం నా పుస్తకం ఒకటి అలాగే పోయింది. బస్టాండులో చలికి వణుకుతూ తెరిచాను, టక్‌మని చప్పుడైంది. ఇల్లు చేరేసరికి పేజీలు విడివిడిగా చేతికొచ్చాయి. ఆ పద్ధతి అప్పుడు తెలిసుంటే ఎంత బాగుండేదో.

అక్క: ఇంకోటి కూడా చెప్పారు. చల్లటి వీధిలోంచి వెచ్చటి గదికి వెళ్ళాక పుస్తకం వెంటనే బయటికి తీయొద్దన్నారు. నా కళ్ళద్దాల మీద పట్టిన తేమే అట్ట మీదా పడుతుంది. గుడ్డలో చుట్టి, బ్యాగు మూసి, మూడు నాలుగు గంటలు అలా వదిలేయాలి.

తమ్ముడు: ఆ మూడు గంటలు గడవడం నాకు చాలా కష్టమైంది.

అక్క: కానీ సాయంత్రం తొందరగా చీకటి పడింది, బయట తిరగడానికి లేదు. చలికాలంలో ఊరెళ్తే సగం రోజు గదిలోనే కదా. చాలామంది అది నష్టం అనుకుంటారు. చేతిలో పుస్తకం ఉంటే నాకు అదే కావాలి. దుప్పట్లు కప్పుకుని వంతులవారీగా పైకి చదువుకున్నాం. చివరి రోజు కొన్న పుస్తకానికి ఆ రాత్రులు ఎక్కడ దొరుకుతాయి?

తమ్ముడు: ఎనభై పేజీలు దాటాక కనిపించింది ఆ పెన్సిల్ రాత.

అక్క: అంచున, సన్నటి అక్షరాలు. "ఈయన మళ్ళీ వస్తాడు, రెండో భాగంలో." ఎవరో మనకంటే ముందు చదివినవాళ్ళు రాసిపెట్టారు. రెండో భాగం ఉందనే మనకి తెలీదు!

తమ్ముడు: పొద్దున్నే లేచి మళ్ళీ షాపుకే. తాళం తీస్తుంటే వెళ్ళి నిలబడ్డాం.

అక్క: ఆయన ఆ పేజీ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. రాత గుర్తుపట్టారనుకుంటా, నేను అడగలేదు. నిచ్చెన వేసుకుని పై అరలన్నీ వెతికారు. లేదు. కౌంటరు కింద నుంచి నోటుబుక్కు తీసి పుస్తకం పేరు రాసుకున్నారు.

తమ్ముడు: పక్కన మన ఫోన్ నంబరు కూడా.

అక్క: రింగ్‌టోను సౌండు పెంచి పెట్టాను.