ఉయ్యాల పక్కన ఉద్యోగం: చట్టం ఎంతవరకు తోడొస్తుంది?

(తెరపై: ఉయ్యాల, దాని పక్కనే బల్లపై తెరిచి ఉన్న ల్యాప్‌టాప్)

నమస్కారం. ప్రసూతి సెలవు ముగుస్తున్న ఉద్యోగినికి "ఇంటి నుంచే పని చేసుకోవచ్చు కదా" అని సలహా చెప్పేవారికి కొదవ ఉండదు. ఆ వెసులుబాటు చట్టంలో ఉన్నమాట నిజమే గాని, అది ఏ రూపంలో ఉందో తెలిసినవారు తక్కువ.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పుడు, మొదటి ఇద్దరు బిడ్డలకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇదే కొనసాగింది. ఇందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు.

(తెరపై: 26 − 8 = 18)

అలా వాడుకున్న తల్లి తిరిగి విధుల్లో చేరేనాటికి బిడ్డకు నాలుగు నెలలు దాటి కొద్ది రోజులే అవుతుంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు సైతం పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అన్నప్రాశన కాకముందే ఆఫీసు మొదలవుతుంది.

పని స్వభావం అనుమతిస్తే, సెలవు తర్వాత, యజమానీ ఉద్యోగినీ అంగీకరించిన షరతులపై ఇంటి నుంచి పని చేయవచ్చని చట్టం అంటోంది. ఇది హక్కు కాదు, ఒప్పందం. అందువల్ల ఏ గంటలు, ఎన్ని నెలలు అన్నది సెలవుకు వెళ్లేముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు అదనపు విరామాలు ఉన్నాయి. వాటిని కూడా ఆ కాగితంలో రాయించుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ఉన్న మనిషికి విరామం దేనికని అడిగేవారు తప్పక ఉంటారు.

50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చు. ఇంట్లో అలాంటి ఏర్పాటేదీ ఉండదు. హైదరాబాదులో అమెరికా క్లయింట్లతో పనిచేసేవారికి మీటింగులు తరచుగా రాత్రి ఏడు, ఎనిమిది గంటల వేళ, సరిగ్గా బిడ్డ నిద్రకు మారాం చేసే సమయంలోనే పడతాయి. పుట్టింటి నుంచి అమ్మ, ఊరి నుంచి అత్తగారు వంతులవారీగా వచ్చి ఆదుకునే ఇళ్లలో బండి నడుస్తుంది. ఆ వయసులో వారికి అది చిన్న శ్రమేమీ కాదు.

మరి తండ్రి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగికి మాత్రం అలాంటి సెలవు ఇచ్చి తీరాలన్న చట్టమేదీ లేదు. సంస్థ తన ఇష్టంతో ఇస్తేనే ఉంటుంది.