మొదటి పిక్‌లో పిచర్‌నా, బ్యాటర్‌నా? మా బావతో తెగని పంచాయితీ

[కెమెరా ముందు నేను. టేబుల్ మీద ఒక బేస్‌బాల్, ఒక క్రికెట్ బంతి.]

అందరికీ నమస్తే. ఈరోజు ఒక పాత వాదన చెప్తా. అందులో నేను చిత్తుగా ఓడిపోయానని మా బావ ఊరంతా చెప్పుకుంటున్నాడు కాబట్టి నా వైపు కథ కూడా మీరు వినాలి. బావ అంటే మా మేనత్త కొడుకు, గుంటూరులో ఉంటాడు, నాకంటే రెండేళ్లు పెద్ద, క్రికెట్ అంటే ప్రాణం. నేనుండేది అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి, 1976 నాటిది. ఆ తర్వాత ఎవరికైనా గుర్తొస్తే పైరేట్స్ అనే బేస్‌బాల్ టీమ్. గుడికెళ్తే కనీసం ప్రసాదం దొరుకుతుంది, పైరేట్స్ మ్యాచ్‌కెళ్తే అదీ ఉండదు, ఎందుకంటే 2015 తర్వాత ఈ టీమ్ ప్లేఆఫ్స్ గడప తొక్కింది లేదు. 2025 సీజన్ అయ్యేదాకా ఇదే కథ.

అలాంటి టీమ్‌కి 2023లో దేశం మొత్తమ్మీద కావల్సిన కుర్రాణ్ణి అందరికంటే ముందు ఎంచుకునే ఛాన్స్ వచ్చింది. ఎవర్ని తీసుకోవాలి? గొడవంతా అక్కడే.

[స్క్రీన్ మీద: ఒకవైపు ఐపీఎల్ వేలం, ఇంకోవైపు డ్రాఫ్ట్ స్టేజి]

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో చెప్పేస్తా. ఐపీఎల్ వేలంలో ఎవరి పర్సులో డబ్బుంటే వాళ్లు ప్యాడిల్ ఎత్తుతారు, 2024 నవంబర్‌లో రిషభ్ పంత్‌కి లక్నో 27 కోట్లు పెట్టింది అలాగే. అమెరికాలో కాలేజీ నుంచి, హైస్కూల్ నుంచి వచ్చే బేస్‌బాల్ కుర్రాళ్లకి వేలం పాట లేదు. 1965 నుంచీ అక్కడ డ్రాఫ్టే: టీమ్‌లు వరసగా ఒక్కొక్కర్ని ఎంచుకుంటాయి, ఆ ఒక్కో ఎంపికే పిక్, కుర్రాడు ఆ టీమ్‌తోనే బేరం ఆడుకోవాలి. కిందటేడు బాగా ఓడినవాళ్లకి వరసలో ముందు చోటు. దాంతో ఓడితే లాభమేగా అని ఓటమిని పెద్దగా పట్టించుకోని టీమ్‌లు తయారయ్యాయి, అందుకని 2022 డిసెంబర్‌లో మొదటిసారి లాటరీ పెట్టారు. 2022లో పైరేట్స్ 62 గెలిచి సరిగ్గా 100 ఓడారు. వాళ్లకీ, వాళ్లకంటే ఘోరంగా ఆడిన నేషనల్స్, ఏస్ అనే టీమ్‌లకీ, ముగ్గురికీ సమానంగా 16.5 శాతం ఛాన్స్. బంతి పైరేట్స్‌కి పడింది. ఓటమిలో నూరు కొట్టిన టీమ్‌కి అదొక్కటే గెలుపు.

[స్క్రీన్ మీద: ఇద్దరు కుర్రాళ్లు, ఒకే రంగు జెర్సీ]

పోటీలో ఉన్నది ప్రధానంగా ఇద్దరు, ఇద్దరూ ఒకే కాలేజీ టీమ్, లూసియానా స్టేట్, అంటే ఎల్‌ఎస్‌యూ. ఒకడు పాల్ స్కీన్స్, పిచర్, అంటే మన లెక్కలో ఫాస్ట్ బౌలర్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. మొదట ఎయిర్ ఫోర్స్ అకాడమీలో చదివాడు, అక్కడ క్యాచర్‌గా కూడా ఆడేవాడు, అంటే వికెట్ కీపింగ్ చేస్తూ బౌలింగ్ వేసేవాడన్నమాట. అక్కడ మూడో ఏడాది క్లాసులో కూర్చుంటే మిలిటరీ సర్వీసుకి కట్టుబడ్డట్టే, అందుకని రెండేళ్లకే ఎల్‌ఎస్‌యూకి మారాడు. మారిన ఏడాదే 209 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీసి ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగ్, రికార్డు బద్దలు కొట్టాడు.

రెండోవాడు డిలన్ క్రూస్, సెంటర్ ఫీల్డర్, బ్యాటర్. ఆ సీజన్లో బ్యాటింగ్ సగటు .426. బేస్‌బాల్లో పది సార్లు బ్యాటింగ్‌కి దిగి మూడు సార్లు హిట్ కొడితేనే మంచి బ్యాటర్ అంటారు, ఇతను నాలుగు దాటాడు. కాలేజీ బేస్‌బాల్లో అందరికంటే పెద్ద అవార్డు గోల్డెన్ స్పైక్స్ కూడా ఇతనికే ఇచ్చారు, పక్కనే ఉన్న స్కీన్స్‌కి కాదు. ఇంకా వైయట్ లాంగ్‌ఫోర్డ్ అని ఫ్లోరిడా బ్యాటర్, మాక్స్ క్లార్క్, వాకర్ జెంకిన్స్ అని ఇద్దరు హైస్కూల్ కుర్రాళ్లు. ఈ ఐదుగురే ఆ ఏడాది మొదటి ఐదు చోట్లలో పోయారు, ఇప్పుడు వాళ్లందరి సంగతీ పెట్టుకుంటే తెల్లారిపోతుంది.

ఒక్క మ్యాచ్ మాత్రం చెప్పి తీరాలి. 2023 జూన్ 22, ఒమాహాలో కాలేజీ వరల్డ్ సిరీస్, గెలిచినవాళ్లు ఫైనల్‌కి. ఎల్‌ఎస్‌యూ తరఫున స్కీన్స్, వేక్ ఫారెస్ట్ తరఫున రెట్ లౌడర్. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్‌లు వేశాడు, 120 బంతులు, పరుగే ఇవ్వలేదు. అవతల లౌడర్ ఏడు ఇన్నింగ్స్‌లు, అతనూ ఇవ్వలేదు. నేను ఫోన్‌లో చూస్తున్నా, బావకి వీడియో కాల్‌లో ఆ స్క్రీన్ చూపిస్తున్నా, అక్కడ వాళ్లకి తెల్లారుజాము. గంటకి 100 మైళ్లు అంటే 160 కిలోమీటర్లు, పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరికి 60 అడుగుల 6 అంగుళాలు, పిచ్ పడకుండా నేరుగా వస్తుంది, బ్యాటర్ చేతిలో ఉండేది అర సెకను కూడా కాదు. ఒక కుర్రాడు బ్యాట్ తిప్పేసరికి బంతి క్యాచర్ గ్లవ్‌లో ఉంది, ఆ టప్ మన్న శబ్దం ఫోన్లోంచి గుంటూరు దాకా వినపడింది. బావ అప్పుడే తేల్చేశాడు: "ఒరేయ్, వీణ్ణి వదిలేసి ఇంకొకణ్ణి తీసుకుంటే మీ వాళ్లంత తెలివితక్కువ వాళ్లు ఉండర్రా." ఆ మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో ఎల్‌ఎస్‌యూ బ్యాటర్ టామీ వైట్ కొట్టిన హోమ్ రన్‌తో, అంటే మన సిక్సర్ లాంటి దెబ్బతో, 2-0గా తేలింది. గెలిపించిన ఆ దెబ్బ బ్యాట్ నుంచి వచ్చింది, బావ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

[స్క్రీన్ మీద: 162లో 32]

నేను క్రూస్ అన్నాను. నా లెక్క ఇది. మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో, సీజన్‌కి 162 మ్యాచ్‌లు. స్టార్టింగ్ పిచర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, ఐదారు రోజులకోసారి వేస్తాడు, చెయ్యి తట్టుకోవాలి కదా, అంటే మహా అయితే 32, 33 మ్యాచ్‌లు. మిగతా 130 మ్యాచ్‌లకి డగౌట్‌లో కూర్చుని సన్‌ఫ్లవర్ గింజలు నములుతాడు. బ్యాటర్ అయితే దాదాపు రోజూ దిగుతాడు. బుమ్రాని ఏ మ్యాచ్‌కి ఆడించాలి, ఏ మ్యాచ్‌కి రెస్ట్ ఇవ్వాలి అని మనం ఎంత టెన్షన్ పడతామో, అది ఏడాది పొడవునా ఉంటుందనుకోండి.

పైగా మోచెయ్యి. ఇంత వేగంగా విసిరేవాళ్లకి మోచేతి లోపలి లిగమెంట్ తెగడం మామూలైపోయింది, టామీ జాన్ సర్జరీ చేస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర ఇంట్లో కూర్చోవాలి. 2009లో మొదటి పిక్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, 2010 జూన్‌లో తొలి మ్యాచ్ మా పైరేట్స్ మీదే, 14 మందిని స్ట్రైకవుట్ చేశాడు, ఆ ఏడాదే మోచెయ్యి పోయింది. తిరిగొచ్చి 2019లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) హీరో అయ్యాడు, నిజమే. ఆ సంబరంలో 245 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ రాసిస్తే, దాని కింద ఆడింది మొత్తం 8 మ్యాచ్‌లు. 1991 మొదటి పిక్ బ్రయన్ టేలర్ ఒక గొడవలో భుజం పాడుచేసుకుని మేజర్ లీగ్ మొహమే చూడలేదు. స్కీన్స్ బద్దలుకొట్టిన 202 స్ట్రైకవుట్ల రికార్డు ఎవరిదో తెలుసా? బెన్ మెక్‌డొనాల్డ్‌ది, ఎల్‌ఎస్‌యూనే, 1989లో అతనూ మొదటి పిక్కే, భుజం దెబ్బకి 30 ఏళ్లు నిండకుండానే ఆట ఆగిపోయింది. మొదటి పిక్‌గా వచ్చి హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లినవాళ్లు గ్రిఫీ జూనియర్, చిప్పర్ జోన్స్, బెయిన్స్, మావర్. నలుగురూ బ్యాటర్లే.

మా పైరేట్స్ చరిత్ర అయితే ఇంకా ఘోరం. 2002లో మొదటి పిక్‌గా బ్రయన్ బులింగ్టన్ అనే పిచర్‌ని తీసుకున్నారు, మొత్తం మేజర్ లీగ్ కెరీర్‌లో గెలిచింది ఒక్క మ్యాచ్ (బేస్‌బాల్లో గెలుపోటములు పిచర్ పేరు మీద కూడా రాస్తారు). అదే ఏడాది బీజే అప్టన్, ప్రిన్స్ ఫీల్డర్, జాక్ గ్రింకీ అందుబాటులో ఉన్నారు, చదువుతుంటేనే కడుపు మండుతుంది. 2011లో గెరిట్ కోల్‌ని తీసుకున్నారు, అది మాత్రం మంచి ఎంపిక. కానీ 2018లో హ్యూస్టన్‌కి ట్రేడ్ చేసేశారు, వండింది మా పొయ్యి మీద, తిన్నది పక్కింటోళ్లు. మన దేశంతో వీళ్లకి ఒక లింకు కూడా ఉంది: 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి జావెలిన్ విసిరే ఇద్దరు కుర్రాళ్లని, రింకూ సింగ్, దినేశ్ పటేల్‌ని పిచర్లుగా సంతకం చేయించుకున్నారు. కేకేఆర్ రింకూ కాదండోయ్, ఇతను వేరే, తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లి కుస్తీలు పట్టాడు.

[స్క్రీన్ మీద: కాగితం, పెన్ను, లెక్క]

ఇక డబ్బు సంగతి, సగం మంది ఇక్కడే ఛానల్ మారుస్తారు గానీ అసలు మజా ఇక్కడే ఉంది. ప్రతి పిక్‌కీ లీగ్ ఒక రేటు కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. 2023లో మొదటి పిక్ స్లాట్ 97 లక్షల 21 వేల డాలర్లు. మొదటి పది రౌండ్ల స్లాట్లన్నీ కలిపితే టీమ్ చేతిలో ఉండే మొత్తం సొమ్ము. ఖర్చు ఆ మొత్తాన్ని ఐదు శాతం కంటే ఎక్కువ దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ లాగేసుకుంటారు. కానీ లోపల ఎలా సర్దుకున్నా అడిగేవాడు లేడు. మొదటి పిక్ కుర్రాణ్ణి కొంచెం తక్కువకి ఒప్పించుకుంటే, మిగిలిన డబ్బుతో కిందెక్కడో ఉన్న ఖరీదైన హైస్కూల్ కుర్రాణ్ణి లాక్కోవచ్చు. పెళ్లి బడ్జెట్ లాంటిదే, ఫంక్షన్ హాలు దగ్గర మిగిల్చి వంటల మీద పెట్టడం. 2021లో పైరేట్స్ ఇదే చేశారు, మొదటి పిక్ క్యాచర్ హెన్రీ డేవిస్‌కి స్లాట్ 84 లక్షలుంటే 65 లక్షలకి ఒప్పించారు. మిగిలిందాంతో మూడో రౌండ్లో బబ్బా చాండ్లర్‌కి 30 లక్షలు ఇచ్చారు. చాండ్లర్ 2025లో మేజర్ లీగ్‌కి వచ్చాడు, డేవిస్ మాత్రం మొదటి పిక్ మీద పెట్టుకున్న ఆశలకి ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. అందుకే 2023లోనూ మాక్స్ క్లార్క్‌ని తక్కువకి తీసుకుని డబ్బు మిగుల్చుకుంటే పోలా అన్న మాట గట్టిగానే వినపడింది. నాకది నచ్చలేదు. ఇలాంటి ఏడాది మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పుడు కూడా చిల్లర లెక్కలా?

బావ వాదన మాత్రం ఒక్క ముక్కే, కానీ దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. "మీ టీమ్ పేదది కదరా. పెద్ద పిచర్‌ని బజార్లో కొనగలరా మీరు?" కొనలేరు. ఆ స్థాయి పిచర్ ఫ్రీ ఏజెంట్ అయితే, అంటే ఏ టీమ్‌కైనా వెళ్లే స్వేచ్ఛ వస్తే, వందల మిలియన్లు, యాంకీసో డాడ్జర్సో లాంటి డబ్బున్న టీమ్‌లు ఎగరేసుకుపోతాయి. డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న కుర్రాడైతే మేజర్ లీగ్‌కి వచ్చాక ఆరేళ్లు మనవాడే, మొదటి రెండు మూడేళ్లు దాదాపు కనీస జీతమే. బంగారం కొట్లో కొనలేనివాడికి పొలంలో దొరికితే, అదీ వద్దని పత్తి విత్తనాలు ఏరుకుంటాడా అన్నాడు. గుంటూరోడు కదా, పోలికలు అలాగే ఉంటాయి.

[స్క్రీన్ మీద: 2023 జూలై 9, సియాటిల్]

పైరేట్స్ కూడా బావ మాటే విన్నారు. స్కీన్స్ మొదటి పిక్, 92 లక్షల డాలర్ల బోనస్, అప్పటి రేటుతో దాదాపు 75 కోట్ల రూపాయలు, అప్పటికి అదే రికార్డు. రెండో పిక్ నేషనల్స్, క్రూస్, 90 లక్షలు. ఒకే కాలేజీ టీమ్ నుంచి ఇద్దరు మొదటి రెండు చోట్లలో పోవడం డ్రాఫ్ట్ చరిత్రలో అదే మొదటిసారి.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు కాస్త మొహమాటంగానే ఉంది. 2024 మే 11న స్కీన్స్ తొలి మ్యాచ్, జూలైకల్లా ఆల్‌స్టార్ గేమ్‌లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) తరఫున మొదటి బంతి వేశాడు, ఏడాది ఆఖరికి రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే కొత్తవాళ్లలో ఉత్తమ ఆటగాడు. మధ్యలో మైనర్ లీగ్‌లో, అంటే మేజర్‌కి ముందు ఆడే కింది లీగ్‌లో, ఉన్నప్పుడు స్ప్లింకర్ అనే కొత్త బంతి పట్టేశాడు, సగం స్ప్లిటర్, సగం సింకర్, 94 మైళ్ల వేగంతో వచ్చి చివర్లో కిందికి జారిపోతుంది. కాలేజీలో అతనికి అది లేదు. అంటే డ్రాఫ్ట్ రోజున స్కౌట్లు (ఆటగాళ్లని వెతికిపెట్టేవాళ్లు) చూసిన స్కీన్స్ వేరు, ఇప్పుడు బంతి వేస్తున్న స్కీన్స్ వేరు, ఈ ముక్క మాత్రం నా తప్పుని కొంత తగ్గిస్తుందని నా ఆశ. 2025లో ఇఆర్ఏ 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. 216 స్ట్రైకవుట్లు, ఒక్క ఓటు కూడా అటూ ఇటూ పోకుండా సై యంగ్ అవార్డు, అంటే ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది. ఆ ఏడాది జీతం 8 లక్షల 75 వేల డాలర్లు. క్రూస్ ఇంకా కుదురుకుంటున్నాడు, 2025లో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి చాలా రోజులు బయటే ఉన్నాడు. పెళుసు అన్నది పిచర్ని, దెబ్బ తగిలింది నా బ్యాటర్‌కి. లాంగ్‌ఫోర్డ్ మాత్రం టెక్సాస్‌లో 2025లో 22 హోమ్ రన్లు, 22 స్టీల్స్‌తో (పరుగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం) హాయిగా ఉన్నాడు, అతని పేరు మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

సై యంగ్ ప్రకటించిన రోజు బావ ఫోన్. పలకరింపు లేదు, బాగున్నావా లేదు.

"ఏరా, ఏమైంది నీ బ్యాటరు?"

"సరే బావా, ఒప్పుకుంటున్నా. కానీ నీ బౌలర్ ఈ ఏడాది ఎన్ని గెలిచాడో చూశావా? పది గెలిచాడు, పది ఓడాడు. టీమ్ 71 గెలిచి 91 ఓడింది."

"అదేంట్రా, రెండు పరుగులు కూడా ఇవ్వకుండా వేస్తే ఓడిపోయేది అతనా? మీ టీమ్‌లో కొట్టేవాడు ఒక్కడూ లేడు. హోమ్ రన్లలో 30 టీమ్‌ల్లో మీరే ఆఖరు. కొట్టేవాడు లేకుండా పాపం బౌలర్ ఒక్కడూ ఏం చేస్తాడు?"

"అందుకే కదా బావా, కొట్టేవాణ్ణి తీసుకోమన్నది."

కాసేపు లైన్లో ఏమీ వినపడలేదు. తర్వాత, అత్తయ్య పిలుస్తోంది, మళ్లీ చేస్తా అని పెట్టేశాడు.