బొమ్మ ఎక్కడ ఆగింది?

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి హాల్లో, టీవీ కింద అరలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. మూత మూసే ఉంటుంది కానీ రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. పక్కన 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కు. మేము కొనుక్కున్న సినిమా డిస్కులు, చెల్లి పెళ్లి వీడియో, పిల్లల ఫోటోలు, నాన్నగారి పాత క్యాసెట్లు, అన్నీ అందులోకి ఎక్కించాను. అమ్మ తన గదిలో టీవీ మీద, నేను ఫోనులో, కావలసినది తీసి చూసుకుంటాం. దీన్నే హోమ్ మీడియా సర్వర్ అంటారు. ఇలాంటి ల్యాప్‌టాప్ 15 వాట్లు లాగితే నెలకు సుమారు 11 యూనిట్ల కరెంటు అవుతుంది.

ఆ క్యాసెట్లలో సగం ఈ ఊరి రేడియోవే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం నుంచి పొద్దున్నే వచ్చే భక్తిరంజనిని నాన్నగారు శ్రద్ధగా రికార్డు చేసేవారు. ఒక క్యాసెట్ రెండో వైపు మాత్రం మా తాతయ్య పద్యాలు చదివారు. ముందు చిన్న దగ్గు, తరువాత “రికార్డవుతోందా?” అన్న ప్రశ్న, ఆ పైన పద్యం. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ 20 నిమిషాలే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు మా బంధువుల ఇంట్లో నీళ్లు నడుము దాటాయి. నీరు తీశాక వెళ్లి చూస్తే పెళ్లి ఆల్బమ్ పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీస్తే రంగులు వేలికి అంటుకున్నాయి. ఆ రాత్రే మా క్యాసెట్ల పెట్టె అటక మీద నుంచి దింపాను.

సర్వర్ నడపడానికి నేను ఎంచుకున్న ప్రోగ్రాం జెల్లీఫిన్. 2018లో ఎంబీ అనే ప్రోగ్రాం తన మూలకోడ్‌ను, అంటే ప్రోగ్రాం రాసిన అసలు పాఠాన్ని, అందరికీ ఇవ్వడం మానుకున్నప్పుడు, కొందరు విడిపోయి అప్పటివరకు బహిరంగంగా ఉన్న కోడ్‌తో దీన్ని మొదలుపెట్టారు. డబ్బు కట్టనక్కరలేదు, బయట ఎక్కడా ఖాతా తెరవనక్కరలేదు. వీధిలో ఇంటర్నెట్ తీగ తెగినా, ఇంట్లో రౌటర్ వెలుగుతుంటే చాలు, బొమ్మ ఆడుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

పెట్టుకోవడం ఒక పూట పని. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది.

ఒక సాయంత్రం అమ్మ పిలిచింది, “ఏరా, మళ్లీ ఆగిపోయింది” అని. తెర మధ్యలో చక్రం తిరుగుతోంది. అయిదు నిమిషాలు ఆడుతుంది, ఆగుతుంది. రౌటర్ ఆపి వేశాను, కేబుల్ మార్చాను, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. మూడూ ఒకేసారి చేశాను. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, పడకపోతే ఏది కాదో తెలియదు. మూడు రోజులు అలాగే గడిచాయి.

నాలుగో రోజు స్థిమితంగా కూర్చున్నాను. డిస్కులో ఉన్న ఫైలు సర్వర్ ప్రోగ్రాంలోకి, అక్కడి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి, అక్కడి నుంచి టీవీలోకి చేరాలి. ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడ ఆగింది? అదే సినిమా ఫోనులో పెట్టాను, అమ్మ గదిలోనే నిలబడి. ఎక్కడా ఆగలేదు. అంటే డిస్కు మంచిదే, వై-ఫై మంచిదే. అప్పుడు టీవీలో ఆడిస్తూ జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డు తెరిచాను. ఎవరు ఏం చూస్తున్నారో అక్కడ కనిపిస్తుంది. టీవీ పేరు పక్కన ట్రాన్స్‌కోడింగ్ అని ఉంది. కారణం కూడా ఉంది, ఈ రకం సబ్‌టైటిల్ టీవీకి అర్థం కాదని.

ట్రాన్స్‌కోడింగ్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో వచ్చే తంటాల్లో చాలావాటికి ఇదే మూలం. టీవీకి తెలియని రూపంలో వీడియో ఉంటే సర్వర్ దాన్ని అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన రూపంలో మళ్లీ కుట్టి పంపుతుంది. ప్రాసెసర్‌కు అది చాలా బరువైన పని. బ్లూరే డిస్కుల్లో సబ్‌టైటిళ్లు అక్షరాలుగా ఉండవు, చిన్న చిన్న బొమ్మలుగా ఉంటాయి. వాటిని చూపించలేని టీవీ కోసం సర్వర్ ఆ బొమ్మలను ఒక్కొక్క ఫ్రేము మీద అచ్చువేసి పంపాలి. అంటే కింద రెండు వరసల అక్షరాల కోసం సినిమా మొత్తాన్ని తిరిగి తయారుచేయాలి. మా పాత ల్యాప్‌టాప్ ఆయాసపడిపోయింది. సబ్‌టైటిల్ ఆపగానే ప్రాసెసర్ మీద భారం దాదాపు పూర్తిగా దిగిపోయింది. తరువాత అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు సినిమా పక్కన పెట్టాను. అమ్మకు సబ్‌టైటిళ్లూ వచ్చాయి, బొమ్మా ఆగలేదు.

కొత్త ఫోనుతో తీసిన వీడియోలు పాత టీవీల్లో మొండికేయడమూ ఇలాంటిదే. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ పద్ధతిలో ఆ ఫోన్లలో చాలావి వీడియో పడతాయి. అంతకు ముందటి టీవీలకు తెలిసింది హెచ్.264 అనే పాత పద్ధతి. అలాంటి వీడియోలను రాత్రిపూట తీరిగ్గా ఒకసారి మార్చి పెట్టుకుంటే చూసే వేళకు ఏ శ్రమా ఉండదు.

కరెంటు పోయి వచ్చాక కనిపించే తంటాలు వేరు. టీవీ “సర్వర్ దొరకలేదు” అంటే, నూటికి తొంభై పాళ్లు సర్వర్ చెడిపోలేదని నా అనుభవం. రౌటర్ మళ్లీ లేచాక ల్యాప్‌టాప్‌కు కొత్త చిరునామా ఇచ్చి ఉంటుంది, టీవీ పాత చిరునామాలో వెతుకుతూ ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో ఆ ల్యాప్‌టాప్‌కు ఒక చిరునామా శాశ్వతంగా కేటాయించండి. దాని చివర కోలన్ పెట్టి 8096 అనే పోర్టు, అంటే ఆ ప్రోగ్రాం తలుపు సంఖ్య, చేర్చి బ్రౌజర్‌లో తెరిస్తే జెల్లీఫిన్ పలుకుతుంది.

ఇంకొకటి గుండె ఆగినంత పని చేస్తుంది. సర్వర్ పలుకుతుంది, లోపల సినిమాలు ఉండవు. మాకు ఒకసారి అలా జరిగింది. కంగారులో లైబ్రరీ, అంటే జెల్లీఫిన్‌లో చేర్చుకున్న సినిమాల జాబితా, తీసేసి మళ్లీ చేర్చబోయి ఆగాను. కంప్యూటర్ లేచినా బయటి డిస్కు మౌంట్ కాలేదు, అంటే కంప్యూటర్‌కు జతపడి తెరుచుకోలేదు, ప్రోగ్రాంకు ఖాళీ ఫోల్డరు కనిపించింది, అంతే. డిస్కును దాని మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతో ఎఫ్‌స్టాబ్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే ఏ డిస్కులు తెరవాలో లినక్స్ చూసుకునే జాబితాలో, రాసి పెట్టాక మళ్లీ రాలేదు. ఖాళీ లైబ్రరీ కనిపిస్తే దయచేసి ఏదీ చెరపకండి. ముందు డిస్కు తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకుంటున్నా ఫైళ్లు కనబడకపోతే, ఆ ఫోల్డరు చదివే అనుమతి జెల్లీఫిన్ పేరుతో ఉన్న యూజరుకు ఉందో లేదో చూడండి. ఈ రెండిట్లో ఏది జరిగినా డ్యాష్‌బోర్డులోని లాగ్స్ విభాగంలో, అంటే జరిగినవన్నీ సమయంతో సహా రాసుకునే చిట్టాలో, ఆనవాలు ఉంటుంది. లాగ్ చదవడం కష్టమని జంకనక్కరలేదు. బొమ్మ ఆగిన సమయం గడియారంలో చూసుకుని ఆ నిమిషం దగ్గరి పంక్తులే చదివితే చాలు.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో తలుపులున్న అల్మారాలో పెట్టిన యంత్రం వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ కరెంటు పోయినప్పుడు అక్కరకు వస్తుంది కానీ, ఏడాది పొడవునా ఛార్జింగ్‌లో ఉంటే ఉబ్బవచ్చు. నేను నెలకొకసారి ల్యాప్‌టాప్ తిరగేసి అడుగు వేలితో తడిమి చూస్తాను. ఉబ్బు తగిలిన రోజున బ్యాటరీ తీయించేయాలి.

సినిమా ఫైళ్ల పేర్లలో విడుదలైన సంవత్సరం బ్రాకెట్లలో రాయండి. మన సినిమాల్లో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది కదా, ప్రోగ్రాం ఒకదానికి మరొకదాని పోస్టరు తగిలిస్తుంది. ఇంటి వీడియోలను మాత్రం సినిమాల లైబ్రరీలో కలపవద్దు. చెల్లి పెళ్లికి ఏదో విదేశీ సినిమా పోస్టరు అతికితే అమ్మ చాలా బాధపడింది. ఇంటి వీడియోలకు, ఫోటోలకు వేరే రకం లైబ్రరీ ఉంది, అందులో పెట్టగానే ఆ పోస్టరు పోయింది.

ఇంట్లో ఎన్ని డిస్కులున్నా వరద వస్తే ఒకే నీళ్లలో మునుగుతాయి. అందుకని రెండో ప్రతి గుంటూరులో చెల్లి ఇంట్లో పెట్టాను. మొదటిసారి అన్నీ ఎక్కించి, డిస్కు సంచిలో వేసుకుని బస్సెక్కాను. అక్కడ వాళ్ల టీవీకి తగిలించి మూడు ఫైళ్లు తెరిచాను. చెల్లి పెళ్లి ఆడింది. భక్తిరంజని ఆడింది. తాతయ్య పద్యాలు తెరుచుకోలేదు. నేను బయలుదేరే తొందరలో డిస్కును సరిగా ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగేశాను, చివరి ఫైలు పూర్తిగా రాసుకోలేదు. తెరిచి చూడకపోయి ఉంటే మా దగ్గర రెండు ప్రతులున్నాయనే అనుకుంటూ ఉండేవాళ్లం.

డిస్కు వెనక్కి తెచ్చాను. మళ్లీ కాపీ చేసి, ఈసారి రెండు చోట్లా ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్, అంటే ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి సరిపోల్చాను. మరుసటి శనివారం మళ్లీ గుంటూరు వెళ్లాను. చెల్లి, బావగారు, పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. ముందు చిన్న దగ్గు వినిపించింది. తరువాత తాతయ్య అడిగారు, “రికార్డవుతోందా?” అని.

నమస్కారం.