బాలింత పథ్యం మీద ఇంకో పథ్యం

అందరికీ నమస్కారం. ముందు ఒక మాట అడుగుతాను. చంటిపిల్ల విరేచనంలో జిగురు, రక్తం చారలు కనపడ్డాయని డాక్టరుగారు పాలు, పెరుగు మానేయమంటే మానేసిన తల్లులు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, ఎప్పటిదాకా మానేయమన్నారో తెలిసినవాళ్లు మాత్రం అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి. చూశారా, ఎన్ని దిగిపోయాయో. ఇవాళ నా మాటలన్నీ ఆ దిగిపోయిన చేతుల కోసమే.

ఎందుకంటే మా దగ్గరికి వచ్చే తల్లులు చెప్పేది దాదాపు ఒకటే. పిల్ల బాగానే ఉంది మేడమ్, నాకే ఓపిక లేదు, కడుపు ఉబ్బరంగా ఉంటోంది, మూడు నాలుగు రోజులకోసారి గానీ మోషన్ అవట్లేదు, మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి అని. ఇంట్లో చెబితే "పాలిచ్చే తల్లికి నీరసం ఉండదా ఏంటి" అంటారు. ఉంటుంది, కాదనను. కానీ రాత్రిళ్లు నిద్రలేక వచ్చే నీరసం వేరు, తిండి చాలక వచ్చే నీరసం వేరు.

అసలు పాలు ఎందుకు మానమంటారు? తల్లి తాగిన పాలలోని ప్రోటీన్ అతి కొద్దిగా ఆమె రక్తంలోకి, అక్కణ్నుంచి చనుబాలలోకి వస్తుంది. కొందరు పిల్లల పేగుకి అది పడదు. ప్రోటీన్ అన్నాను, లాక్టోజ్ అనే పాలలోని చక్కెర అనలేదు, ఇది చాలామంది కలిపేస్తారు. తల్లిపాలలో ఉండే లాక్టోజ్ తల్లి రొమ్ములోనే తయారవుతుంది, మీరు పాలు మానేసినా అది తగ్గదు, కాబట్టి లాక్టోజ్ లేని పాల ప్యాకెట్ ఎక్కువ డబ్బు పోసి కొన్నా ఉపయోగం లేదు, అందులో ప్రోటీన్ అలాగే ఉంటుంది. ఆవు పాలు కదా పడనిది, గేదె పాలు తాగుతాను అనేవాళ్లూ ఉన్నారు, రెండింటి ప్రోటీన్లూ దాదాపు ఒకేలా ఉంటాయి, మేక పాలూ అంతే. ఇంకోటి, పాలు మానేశామనుకుంటూనే టీలో, మిల్క్ బిస్కెట్లలో, హార్లిక్స్‌లో, చివరికి ఊరమిరపకాయల్లో కూడా తినేస్తుంటాం, వాటిని మజ్జిగలో ఊరబెడతారని గుర్తే రాదు.

ఇక మన ఇళ్ల సంగతి. డాక్టరు మానేయమన్నది పాల పదార్థాలు ఒక్కటే. కానీ అప్పటికే ఇంట్లో బాలింత పథ్యం నడుస్తుంటుంది. పప్పు తింటే పిల్లకి గ్యాస్, వంకాయ తింటే దురద, ఆకుకూర తింటే పిల్లకి విరేచనాలు, నీళ్లెక్కువ తాగితే పొట్ట జారుతుంది. మిగిలేది వేడన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ, నెయ్యి. ఇప్పుడు డాక్టరు మాటతో ఆ నెయ్యి, పాలు కూడా పోయాయి. వెల్లుల్లి కారం మీద నాకేం కోపం లేదు, నాకూ ఇష్టమే, కానీ మిగిలింది అదొక్కటే అయితే ఎలా?

లెక్క వేద్దాం. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి 6 నెలలు పాలిచ్చే తల్లికి మామూలు తిండి పైన రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి. రోజూ రెండు గ్లాసుల గేదె పాలు, ఒక గిన్నె పెరుగు, రెండు చెంచాల నెయ్యి తీసుకునే మనిషి ఆ మూడూ ఆపేస్తే పోయేది కూడా దాదాపు 600. అంటే ఎక్కువ తినాల్సిన రోజుల్లో ఆ ఎక్కువంతా పోయింది. కళ్లు తిరగక ఏమవుతాయి?

కడుపు సంగతీ ఇలాంటిదే. నీళ్లు తక్కువ, పీచు తక్కువ, పైగా ప్రసవం తర్వాత ఆర్నెల్లు వేసుకోమని ఇచ్చే ఐరన్ మాత్ర, దానితోనే కొందరికి మోషన్ గట్టిపడుతుంది, నల్లగానూ వస్తుంది. అందుకని దాన్ని మానేయకండి, ఇబ్బందిగా ఉంటే డాక్టరుకి చెప్పి రకం మార్పించుకోండి. క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, రెండు గంటలైనా తేడా ఉండాలి. ఇంకొందరు ఉన్నపళంగా పాల బదులు అని సోయా, జీడిపప్పు, శనగలు గుప్పిళ్లతో మొదలుపెడతారు, కడుపు ఉబ్బక ఊరుకుంటుందా? కొద్దికొద్దిగా పెంచాలి. పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు, అది చూసుకోవాలి.

పప్పు గురించి ఇక్కడికొచ్చిన అమ్మమ్మలకి, నానమ్మలకి ఒక విన్నపం. తల్లి కడుపులో పుట్టిన గ్యాస్ పాలలోకి వెళ్లదు, అది ఆమె పేగులోనే ఉంటుంది. పిల్లల ఏడుపు ఆరో వారం దాకా పెరిగి మూడో నాలుగో నెలకి దానంతటదే తగ్గుతుంది. మనం రెండో నెలలో పప్పు మాన్పిస్తాం, మూడో నెలలో పిల్ల ఏడుపు ఆపుతుంది, ఆ పుణ్యం పప్పు మానడానిదే అనుకుంటాం.

తల్లికి తిండి చాలకపోవడాన్ని మామూలు ఇబ్బందిలా చూడొద్దని ఎందుకు అంటున్నానంటే, దీనికి మన దగ్గరే చరిత్ర ఉంది. తార్నాక సంస్థ 1918లో కూనూరులో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధనకే మొదలైంది, 1958లో హైదరాబాదుకి వచ్చింది. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం అన్నమే ముఖ్యమైన తిండిగా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో, ఆ జబ్బు ఉండేది, తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు కాబట్టి చంటిపిల్లలకీ వచ్చేది. తల్లి తినే క్యాల్షియం తక్కువైతే ఒళ్లు ఆమె ఎముకల్లోంచి తీసి పాలలో పోస్తుంది, నష్టం తల్లికే. బి1, బి12 అలా కాదు, తల్లికి లేకపోతే పిల్లకీ కోతే. శాకాహారుల ఇళ్లలో బి12 వచ్చేదే పాలు, పెరుగు ద్వారా. గుడ్డు కూడా ముట్టనివాళ్లు పాలు మానేస్తే బి12 మాత్ర గురించి మొదటి రోజే అడగాలి.

పాల బదులు ఏం తినాలంటే కొత్తగా కొనేదేం లేదు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. రాగి సంకటి, నువ్వుండలు, ముళ్లతో తినే చిన్న చేపలు, మునగాకు వేసిన పప్పు, పెసరట్టు, డాక్టరు వద్దనకపోతే గుడ్డు. అన్నంలో నెయ్యి లేకపోతే నువ్వుల నూనె వేసుకోండి. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగండి, పొట్ట జారదు, నేను పూచీ. పిల్లకి ఏడో నెల వచ్చి అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తే అందులో పాలపొడి ఉంటుందని మర్చిపోకండి.

ఇవన్నీ తిన్నా రెండు వారాల్లో ఓపిక రాకపోతే రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్ మూడూ. కాన్పు తర్వాత ఏడాదిలోపు థైరాయిడ్ గాడి తప్పడం అరుదేం కాదు, తిండి ఎంత మార్చినా అది సర్దుకోదు. ఏడుపొస్తూ ఉన్నా, దేని మీదా మనసు లేకపోయినా అదీ చెప్పండి, సిగ్గుపడే విషయం కాదు.

ఇక ఆ చేతులు దించినవాళ్లకి. ఈ మానేయడం ఒక పరీక్ష, మందు కాదు. రెండు నుంచి నాలుగు వారాలు మానేసి చూస్తారు. అప్పటికీ పిల్లకి ఏ మార్పూ లేకపోతే కారణం అది కాకపోవచ్చు, డాక్టరుని అడిగి మళ్లీ తినడం మొదలుపెట్టాలి. తగ్గితే అప్పుడూ ఒకసారి మళ్లీ తిని చూడమంటారు, లక్షణాలు తిరిగొస్తేనే ఎలర్జీ అని ఖాయం చేస్తారు. బాగున్నదాన్ని కెలకడం ఎందుకని చాలామంది ఈ మెట్టు ఎగరగొట్టేసి ఏడాది పాటు ఊరికే ఎండిపోతారు. పాలు పట్టిన వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చిన పిల్లల విషయంలో మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. ఆకుపచ్చటి వాంతి, వదలని జ్వరం, బరువు పెరగకపోవడం, ఎర్రటి జెల్లీలాంటి విరేచనం, వీటిలో ఏది కనపడినా తిండి సంగతి పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇంక మీరు అడగండి. ముందు ఆ మూడో వరుసలో నానమ్మగారికి మైకు ఇవ్వండమ్మా, పొట్ట జారదు అన్నప్పటి నుంచీ ఆవిడ నావైపు అదోలా చూస్తున్నారు.