ఛాట్స్‌వర్త్ తోటలో పొట్టి పచ్చ అరటి

శ్రోతలకు నమస్కారం. కొన్నేళ్ల కిందట, ఇంగ్లండులో నిండుగా ఎండ కాసిన ఒక రోజున, డెర్బీషైర్‌లోని ఛాట్స్‌వర్త్ భవనం తోటలో ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరిగాను. ఆ భవనం డెవన్‌షైర్ ప్రభువులైన కావెండిష్ వంశం వారిది. తోట ఒక్కటే 105 ఎకరాలు.

అక్కడ కొండవాలు మీద మూడు వందల ఏళ్ల నాటి రాతిమెట్ల జలపాతం ఉంది. 24 మెట్లలో ఏ మెట్టూ మరో మెట్టులా ఉండదు కనుక, నీటి చప్పుడు మెట్టు మెట్టుకూ మారుతుంది. మోటారు లేదు, కొండ మీది చెరువుల నీరు పల్లానికి తనంతట తానే దిగుతుంది. పిల్లలు చెప్పులు విడిచి అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, పాదాలు జివ్వుమన్నాయి.

అయితే ఈ పూట నేను చెప్పదలచినది అరటి చెట్టు గురించి. అవును, ఆ చలిదేశపు తోటలో అరటి చెట్టు గురించే.

1826లో, ఇరవై రెండేళ్ల వయసులో, జోసెఫ్ పాక్స్‌టన్ ఆ తోటకు పెద్ద తోటమాలిగా వచ్చాడు. చైనా నుంచి మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరిన ఒక పొట్టి అరటి మొక్క ఆయన చేతికి అందింది. దానిని వెచ్చని గాజుగదిలో నాటి, చివికిన పశువుల ఎరువు వేసి, నీరు విరివిగా పెట్టి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నాడు. 1835 నవంబరులో పువ్వు వేసింది. మరుసటి మే నెలకు వందకు పైగా కాయలతో గెల దిగింది. దానికి యజమాని వంశం పేరే పెట్టారు: కావెండిష్. దాని పిలకలను ఒక క్రైస్తవ ప్రచారకుడు సమోవా దీవులకు తీసుకువెళ్లగా, అక్కడి నుంచి పసిఫిక్‌లోని ఇతర దీవులకు పాకింది. మన పొట్టి పచ్చ అరటి, అనంతపురం, కడప రైతులు వేసే జి-9 (గ్రాండ్ నైన్) అరటి రకం కూడా ఆ కోవకు చెందినవే.

ఆ అరటిని అక్కడ ఇప్పటికీ గాజుగదిలో పెంచుతున్నారు. మన పెరట్లో గాలికి పీలికలయ్యే ఆకు, అక్కడ ఒక్క చీలిక లేకుండా, భోజనానికి కోసుకోదగినంత నిండుగా ఉంది. చూడగానే మా ఊరి పెరడు కళ్ల ముందు నిలిచింది.

ఇక్కడ పెరటి అరటి వేసుకునే వారికి ఒక్క మాట. ఈ అరటికి గింజ లేదు. పిలక నుంచి పిలకే. తల్లిలో ఏ తెగులు ఉంటే పిలకతో పాటు అదే మన నేలకు చేరుతుంది. నేలలోంచి వేళ్ల గుండా సోకి చెట్టును వాడగొట్టే పనామా తెగులు ఊళ్లు దాటేది ముఖ్యంగా ఇలాగే. కనుక పిలక అడిగే ముందు తల్లి చెట్టును చూడండి. ఆకులు పండి వేలాడే తోట నుంచి ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. వెడల్పాటి ఆకుల పిలకలు వదిలేసి, సూదిమొన ఆకులున్న వాటినే ఎంచుకోండి. వేళ్లు, మట్టి చెక్కివేసి నాటండి.

ఛాట్స్‌వర్త్ గాజుగదిలోనూ తల్లి చెట్టు మొదట్లో అటువంటి సూది పిలకలు రెండు లేచి ఉన్నాయి. నమస్కారం.