గాలివాన వెలిసిన తరువాత

శ్రోతలందరికీ నమస్కారం.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కుదిపేసిన తుపానులో పోయిన ప్రాణాలకు, నేలకొరిగిన కొబ్బరిచెట్లకు లెక్కలు కట్టారు. ఆ రాత్రి తల్లి కొంగు పట్టుకుని చీకటిలో వణికిపోయిన ఆరేడేళ్ల పిల్లల భయం మాత్రం ఏ లెక్కకూ అందేది కాదు. వారికి ఇప్పుడు ముప్పై అయిదేళ్లు దాటాయి. వారిలో ఎవరైనా రక్తపోటుతోనో, నిద్ర పట్టకో ఆసుపత్రికి వెళితే, ఉప్పు తగ్గించమంటారు, మాత్రలు రాస్తారు, "చిన్నతనం ఎలా గడిచిందమ్మా?" అని అడగడం అరుదు. ఆ ప్రశ్న అడగవలసినదే అని చెప్పడానికే ఈ ప్రసంగం.

అమెరికాలోని శాన్ డియెగో నగరంలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి ఈ ప్రశ్ననే వేలమందిని అడిగారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నారా, తల్లిని కొడుతుంటే చూశారా, ఇంట్లో తాగుబోతులు ఉండేవారా అని విచారించి, 9,508 మంది ఇచ్చిన సమాధానాలను 1998లో ప్రచురించారు. ఇటువంటి కష్టాలు నాలుగు రకాలు, అంతకు మించి అనుభవించినవారిలో తాగుడు, మానసిక కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటివి, ఏ కష్టమూ ఎరగని వారితో పోలిస్తే, నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కూడా కష్టాల సంఖ్యతో పాటే పెరిగాయి. సమాధానాలు చెప్పినవారిలో చాలామంది చదువుకున్నవారు, ఆరోగ్య బీమా ఉన్నవారు. కనుక ఇది పేదల ఇళ్ల సంగతి అని తోసిపుచ్చడానికి వీలులేదు.

గాలివాన ఒక రాత్రితో వెలుస్తుంది. పొద్దుగూకి నాన్న తలుపు తట్టే చప్పుడుకు రోజూ గుండె దడదడలాడే పిల్లకు ఆ గాలివాన వెలిసేదెప్పుడు? నా ఉద్దేశంలో ఎక్కువ హాని ఈ రెండోదానితోనే. భయం కలిగినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను విడుదల చేసి, గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను పెంచుతుంది. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ఆ ఏర్పాటు అవసరమే. అదే ఏర్పాటు ఎదిగే వయసులో ఏళ్ల తరబడి సద్దుమణగకపోతే, నిద్ర, రక్తపోటు, రోగనిరోధక శక్తి, కోపాన్ని అదుపు చేసుకునే నేర్పు దెబ్బతినవచ్చు. ఆ కలతను అణచుకోవడానికి సిగరెట్టు, సారా పట్టినవారూ ఉంటారు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. కష్టపడిన ప్రతి బిడ్డా రోగి కాడు.

మన గోదావరి ప్రాంతంలో పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలి, వారి కడుపు నింపడానికే కువైట్, మస్కట్ వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు. వారిని తప్పుపట్టడం అన్యాయం. పక్కన పడుకోబెట్టుకుని చెప్పింది వినే అమ్మమ్మో, బడిలో ముఖం చూసి విషయం పసిగట్టే మాస్టారో ఒక్కరు నిలకడగా ఉంటే, ఆ బిడ్డ భయం శరీరంలో గూడు కట్టుకోకుండా చాలావరకు ఆగుతుంది. దెబ్బలు తింటున్న బిడ్డ కనిపిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. చిన్ననాటి బాధ ఇప్పటికీ నిద్ర పట్టనివ్వకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు చేయవచ్చు. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, డాక్టరుగారు అడగకపోయినా, ఆ సంగతి మీరే ఎత్తండి.